గురువారం సీనులో బాబాయి వేషం

మా బాబాయి రిహార్సల్ చెయ్యకుండా ఎవరితోనూ మాట్లాడడు. నేనేదో పెంచి చెబుతున్నాననుకునేరు, లేదు. పాలప్యాకెట్లు వేసే మనిషికి "రేపటి నుంచి ఒకటి తగ్గించు" అని చెప్పాలన్నా, ముందురోజు సాయంత్రమే నన్ను పిలిపించి గుమ్మం బయట నిలబెడతాడు.

"అమ్మడూ, నువ్వు పాలవాడివి. తలుపు కొట్టు."

కొడతాను.

"అలా కాదు. పాలవాడు తొందరలో ఉంటాడు. మళ్ళీ కొట్టు."

మళ్ళీ కొడతాను. నాలుగోసారికి పక్కవాటా ఆవిడ తలుపు తీసి "ఎవరూ?" అంటుంది. "పాలవాణ్ణండీ" అంటాను. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచర్నని ఆవిడకి తెలుసు. అయినా పాపం ఏమీ అనదు, తలుపేసుకుంటుంది.

దీనికంతటికీ కారణం ఆయన ఉద్యోగం. ముప్ఫై ఒక్కేళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల వేళలు చదివాడు. ఆ ఉద్యోగంలో గొప్ప సుఖం ఒకటుంది, అవతలివాళ్ళు తిరిగి మాట్లాడరు. రిటైరయ్యి ఇంటికొచ్చాక మనుషులు జవాబు కూడా చెబుతారని తెలిసి మా బాబాయి బెంబేలెత్తిపోయాడు. అప్పటినుంచి ఎదుటివాళ్ళ జవాబులు కూడా తనే రాసి పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

చిక్కల్లా ఎదుటివాళ్ళకి ఆ సంగతి తెలియకపోవడమే. ఒకసారి క్షౌరశాలకి వెళ్ళేముందు మూడు రోజులు రిహార్సల్ వేశాం. "పక్కల తగ్గించు, పైన ముట్టుకోకు" అన్నది ఆయన డైలాగు. తీరా వెళితే అక్కడి మనిషి "ఏం సార్, మీ ఆవిడ కులాసానా?" అన్నాడట. అది కాగితంలో లేదు. బాబాయికి అన్నీ కలగాపులగం అయిపోయి, ఆ తరువాత అతను ఏమడిగినా "ఊ" అన్నాడు. గుండుతో ఇంటికొచ్చాడు.

"వాడు నా డైలాగు తప్పించేశాడే" అని వారం రోజులు బాధపడ్డాడు.

ఈ నాటకాలన్నిటికీ ఒకే ఒక్క ప్రేక్షకురాలు మా పిన్ని. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని కాజాలు కుడుతూ ఉండేది. కోటుకి గుండీ దూరే కంత ఉంటుందే, అదే కాజా. మిషను మీద అయితే నిమిషంలో పడుతుంది. కానీ ఊళ్ళో ఖరీదైన కోట్లు కుట్టే మూడు దుకాణాలవాళ్ళు పిన్ని చేతి కాజా కోసం వారాల తరబడి ఆగుతారు. పిన్నికి మాటలు తక్కువ. ఇంటికి ఎవరొచ్చినా, ఎవరేమడిగినా బాబాయి వైపు చూస్తుంది. బాబాయి చెబుతాడు. నలభై ఏళ్ళుగా వాళ్ళింట్లో అదే పద్ధతి.

అలాంటి మా పిన్నికి రొమ్ములో గడ్డ వచ్చింది. పరీక్షలు చేసి క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ అయింది. మేమందరం భయపడ్డాం, ఆ మాట దాచుకోవడం ఎందుకు. ఆపరేషన్‌కి ముందు డాక్టరుగారు "ఏమైనా అడగాలా అమ్మా?" అంటే పిన్ని అలవాటుగా బాబాయి వైపు చూసింది. బాబాయి కాగితం తీసి పదిహేడు ప్రశ్నలు అడిగాడు. ఆస్పత్రిలో లిఫ్టు ఏ వేళకి ఆపేస్తారన్నది అందులో తొమ్మిదోది. తిరిగి వస్తున్నప్పుడు పిన్ని బస్సులో తన చేతివేళ్ళు చూసుకుంటూ కూర్చుంది. నేను గమనించాను గానీ ఏమీ అడగలేదు.

ఆపరేషన్ గాయం మానాక, కీమోథెరపీ గురించి మాట్లాడడానికి గురువారం రమ్మన్నారు. నర్సు పోనీలే పాపమని ఒక సలహా కూడా ఇచ్చింది: "అడగాలనుకున్నవి ముందే రాసుకుని రండి. ఇంట్లో ఒకసారి అనుకుని వస్తే ఇంకా మంచిది."

జీవితంలో మొదటిసారి ఒకరు తనని రిహార్సల్ చేసుకుని రమ్మన్నారు! మా బాబాయి ఆ నర్సుకి చేతులెత్తి నమస్కారం పెట్టాడు.

ఆ సాయంత్రమే భోజనాల బల్ల డాక్టరుగారి బల్ల అయింది. నేను డాక్టర్ని. పిన్ని మొదటిసారి ప్రేక్షకుల్లోంచి లేచి వచ్చి ఎదురుగా కూర్చుంది. బాబాయి పక్కన, మళ్ళీ పదిహేడు కొత్త ప్రశ్నలతో.

"మందు మూడు వారాలకోసారి ఎక్కిస్తామమ్మా" అన్నాను, కాగితం చూసి.

"సరేనండి" అంది పిన్ని.

"జుట్టు ఊడిపోవచ్చు."

"సరేనండి. ఆయన గుండు చూశానుగా, ఫరవాలేదు."

"అది కాగితంలో లేదు!" అన్నాడు బాబాయి.

నాకు విసుగొచ్చి నేనూ కాగితంలో లేనిదే ఒకటి అడిగాను. "మీరేం పని చేస్తారమ్మా?"

పిన్ని మళ్ళీ తన చేతివేళ్ళు చూసుకుంది. తరువాత చాలా నెమ్మదిగా అంది. "కాజాలు కుడతానండి. ఆపరేషన్ ముందు ఆస్పత్రి వరండాలో ఒకావిడ చెప్పింది, ఈ మందుకి వేళ్ళు తిమ్మిరెక్కిపోతాయట. సూది పట్టుకున్నా తెలియదట. అది తగ్గుతుందో లేదో ఆవిడకీ తెలియదంది. నాకు ఆ పని తప్ప ఇంకేమీ రాదు."

బాబాయి తన పదిహేడు ప్రశ్నలూ పైనుంచి కిందికి ఒకసారి చూసుకున్నాడు. అందులో వేళ్ళు లేవు. ఆయన ముఖం చూడలేకపోయాను. కాగితం తిరగేసి, పెన్ను ఆవిడ చేతిలో పెట్టి "నువ్వే రాయి" అన్నాడు.

మర్నాటి నుంచి డాక్టరు వేషం తనే వేశాడు. కాజాల కోసం దుకాణం నుంచి వచ్చిన తెల్లకోటు ఒకటి తొడుక్కున్నాడు. దానికింకా గుండీలు లేవు.

"ఏమండీ, ఎవరి కోటో అది, నలుగుతుంది!"

"నేను డాక్టర్ని. ఏమండీ అనకు. నాకు ఫోనొచ్చింది, వెళ్ళిపోతున్నాను. ఏం చేస్తావ్?"

"సరేనండి."

"సరేనేమిటి? మళ్ళీ!"

రోజుకో రకం డాక్టరయ్యాడు. ఫైలులోంచి తలెత్తని డాక్టరు, గడియారం చూసుకునే డాక్టరు, వాక్యం మధ్యలోనే లేచిపోయే డాక్టరు. ప్రతి డాక్టరుకీ పిన్ని "సరేనండి" అనే చెప్పింది. మంగళవారం సాయంత్రం బాబాయి కోటు రెపరెపలాడించుకుంటూ పదకొండోసారి లేచి వెళ్ళిపోబోతుంటే పిన్నికి నిజంగానే ఒళ్ళు మండింది.

"కూర్చోండి! నాది ఇంకా అవలేదు!"

బాబాయి గబుక్కున కూర్చున్నాడు. కోటు భుజం దగ్గర పర్రుమని చిరిగింది. పిన్ని ఆ రాత్రి దాన్ని కుట్టి సరిచేసింది, తిడుతూనే.

ఈ మధ్యలో నాకు అర్థంకానిది మరొకటి జరుగుతూ వచ్చింది. నేను పొద్దున్నే స్కూలుకి వెళుతూ వాళ్ళింట్లో తొంగిచూస్తే, బాబాయి అద్దం ముందు కుర్చీ వేసుకుని, నోరు బిగించి, చేతిగడియారం ముందు పెట్టుకుని కూర్చుని కనిపించేవాడు. ఉండుండి సీలింగు ఫ్యాను వైపు చూసేవాడు. పంటినొప్పా అంటే తల అడ్డంగా ఊపాడు. మాట మాత్రం రాలేదు. దిగులుతో ఈయనకేదో అవుతోందని భయపడి, ఆస్పత్రిలో ఈయన సంగతి కూడా అడగాలేమో అనుకున్నాను.

గురువారం వచ్చింది. అసలు డాక్టరుగారు మంచావిడే, కానీ బయట వరండా నిండా జనం. కీమో ఎందుకో, ఎన్నిసార్లో, జ్వరమొస్తే ఏ నంబరుకి వెంటనే ఫోను చెయ్యాలో గబగబా చెప్పారు. నేను రాసుకున్నాను. పిన్ని "సరేనండి, సరేనండి" అంటూనే ఉంది. ఫైలు మూశారు. ఫోను మోగింది. డాక్టరుగారు లేచారు.

పిన్ని బాబాయి వైపు చూసింది.

బాబాయి ఫ్యాను వైపు చూశాడు.

నేను బల్ల కింద ఆయన కాలు తొక్కాను. ఆయన కుర్చీ చేతిని పట్టుకున్న పట్టుకి వేళ్ళు తెల్లబడ్డాయి. ముఖం ఎర్రగా కందిపోయింది. నోరు మాత్రం తెరవలేదు. ఇక నేనే అడిగేద్దామని నోరు తెరవబోయాను.

"కూర్చోండి డాక్టరుగారూ" అంది పిన్ని. "నాది ఇంకా అవలేదు."

డాక్టరుగారు ఫోను కట్టేసి కూర్చున్నారు. పిన్ని రెండు చేతులూ బల్లమీద పెట్టి తన కాజాల సంగతి, తిమ్మిరి సంగతి, ఇంకేమీ రాదన్న సంగతి, అన్నీ చెప్పింది. డాక్టరుగారు ఆ వేళ్ళని ఒక్కొక్కటే పట్టుకుని చూశారు.

"మీరు చెప్పకపోతే ఇది నాకెలా తెలుస్తుందమ్మా? తిమ్మిరి కొందరికి వస్తుంది, కొందరికి రాదు. వచ్చినవాళ్ళలో చాలామందికి మెల్లగా తగ్గుతుంది, కొద్దిమందికి కొంత మిగిలిపోతుంది. రాదని మాట ఇవ్వలేను. కానీ మందుల ఎంపికలో మీ పని కూడా చూసుకుంటాను. మొదలైతే మాత్రం ఓర్చుకోవద్దు, వెంటనే చెప్పండి. మోతాదు మార్చడమో, మందు మార్చడమో ఆలోచిద్దాం." వేళ్ళు వదులుతూ, "ఒక పని చెయ్యండి. వచ్చినప్పుడల్లా ఒక కాజా కుట్టి పట్టుకురండి. తేడా ఉంటే మీకంటే ముందు అదే చెబుతుంది" అన్నారు.

"పట్టుకొస్తానండి" అంది పిన్ని. సరేనండి అనలేదు.

వరండాలోకి రాగానే బాబాయి చెమట తుడుచుకోవడానికి జేబురుమాలు లాగాడు. దానితోపాటు మడతపెట్టిన కాగితం ఒకటి కిందపడింది. తీసి చూశాను. మైకులో చదివే కాగితాల్లాగే పెద్ద పెద్ద అక్షరాలు.

"గురువారం. డాక్టరుగారి గది. నా డైలాగు: ఏమీ లేదు. ఆవిడ నావైపు చూస్తే ఫ్యాను చూడాలి. డాక్టరు లేస్తే కుర్చీ గట్టిగా పట్టుకోవాలి. అమ్మడు కాలు తొక్కినా మాట్లాడకూడదు."

అద్దం ముందు వారం రోజులు చేసిన రిహార్సల్ ఇదన్నమాట. ముప్ఫై ఒక్కేళ్ళు ఊరందరి చెవుల్లో మాట్లాడిన మనిషి నోరు మూసుకోవడం నేర్చుకున్నాడు. నేను కాలు తొక్కుతానని కూడా రాసుకున్నాడు. ఆయన రాసినట్టే జరిగిన సీను నాకు తెలిసి అదొక్కటే.

కాగితం పిన్నికిచ్చాను. రెండుసార్లు చదువుకుని, జాగ్రత్తగా మడిచి, సూదుల డబ్బా ఉండే సంచిలో పెట్టుకుంది.

"ఈ ఒక్క వేషం మాత్రం బాగా వేశారు" అంది.

బాబాయి ఏదో అనబోయాడు. దానికి జవాబు రాసిపెట్టుకోలేదనుకుంటాను, జేబులన్నీ తడుముకున్నాడు.

బస్సొచ్చింది. పిన్ని ముందుగా ఎక్కి వెనక్కి తిరిగింది. "టికెట్లు నేనే అడుగుతాను. మీరు ఫ్యాను చూస్తూ ఉండండి."

బాబాయి ఎక్కి, తలెత్తి బస్సు కప్పంతా ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వెతికాడు.

"అమ్మడూ" అన్నాడు నా చెవిలో, నిజంగానే కంగారుపడుతూ, "ఇందులో ఫ్యాను లేదే!"