ఎండబెట్టిన దోనె

పుణ్యం కోసం సముద్రాలు దాటి వచ్చినవాళ్లను నా జన్మలో ఒక్కసారే చూశాను, అదే ఎక్కువైంది. పన్నెండు మంది. ఆడా మగా కలిసి, అందరూ పాతికేళ్ల లోపువాళ్లే, వాళ్లందరి మీదా పెద్దగా ఒక దొర. కొల్లేటి లంకలో బీదవాళ్లకు మూడు వారాలు సేవ చేసి వెళతారట. అదీ మే నెలలో. మా ఎండల సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదో, చెప్పినా అదీ పుణ్యంలో జమ అనుకున్నారో నాకు తెలియదు.

అప్పట్లో నేను ఏలూరులో ఒక ఆడపిల్లల స్కూల్లో టెంపరరీ టీచర్ని. ఏటా వేసవి సెలవులు రాగానే నా ఉద్యోగం పోయేది, బడి తెరిచాక ఉంటే ఉండేది. కరస్పాండెంటు గారు నన్ను పిలిచి, "వాళ్ల మాట వీళ్లకు, వీళ్ల మాట వాళ్లకు చెబుతూ వెంట ఉండమ్మా. వెళ్లేటప్పుడు దొరగారు నీ గురించి ఒక మంచి ముక్క రాసిస్తే, నిన్ను పర్మినెంటు చేయడానికి నాకూ వీలుగా ఉంటుంది" అన్నారు. ఆ మంచి ముక్క కోసమే వెళ్లాను. తాడేపల్లిగూడెంలో ఉన్న మా నాన్నగారికి మాత్రం సేవ కోసం వెళుతున్నానని ఉత్తరం రాశాను.

లంకలో అరవై గడపలు. అందరూ కొల్లేట్లో చేపలు పట్టి, ఆకివీడులో అమ్ముకుని బతికేవాళ్లే. దొరలకు బడి పాకలో విడిది ఇచ్చారు. డబ్బా పాలు, డబ్బా మాంసం, డబ్బా పళ్లు వెంట తెచ్చుకున్నారు. తెల్లారగానే గుండ్రంగా నిలబడి, కళ్లు మూసుకుని పాట పాడేవారు. పాట అయ్యాక కళ్లు తెరిచి, చుట్టూ చేరిన జనాన్ని ఆప్యాయంగా చూసేవారు. ఆ చూపు చూస్తే నాకు ఒళ్లు మండేది. మా మేనత్త వీధికుక్కకు అన్నం పెట్టేటప్పుడు అచ్చం అలాగే చూసేది.

ముందు బడికి సున్నం వేశారు. తర్వాత గచ్చు చేశారు. ఊళ్లో తాపీమేస్త్రి ఒక్కడే రెండు రోజుల్లో ముగించే గచ్చును పన్నెండు మందీ కలిసి వారం రోజులు చేశారు. అదీ, వాన పడితే నీళ్లు గుమ్మంలోంచి లోపలికే వచ్చేట్టుగా. దాంతో పని అయిపోయింది, రోజులు మిగిలిపోయాయి. పనిలేనివాడు పిల్లి తల గొరిగినట్టు ఊరంతా తిరగడం మొదలుపెట్టారు. అప్పుడు వాళ్ల కంట దోనెలు పడ్డాయి.

కొల్లేటి దోనె అంటే తాటి మానును తొలిచి చేసిన చిన్న పడవ. వేసవిలో నీళ్లు తగ్గాక దానితో పెద్దగా పని ఉండదు. అందుకని దాని నిండా నీళ్లు పోసి, ఒడ్డు పక్కన బురద నీళ్లలో ముంచి ఉంచుతారు. ఎండ తగిలితే తాటి మాను పగులుతుంది, నీళ్లలో ఉంటే ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఆ ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది.

దొరగారు ఆ మునిగిన దోనెలను చూసి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "బతుకునిచ్చే పడవ మునిగిపోతే పైకి తీసుకునే ఓపిక కూడా లేదు, పాపం, వీళ్లకు" అని తన మందకు ఉపన్యాసం ఇచ్చాడు. సగం మంది కళ్లు తుడుచుకున్నారు. మరుక్షణం పంట్లాలు మడుచుకుని అందరూ నీళ్లలోకి దిగారు.

మొదట బయటికి లాగింది ఒక విధవరాలి దోనెను. ఆవిడకు నలభై ఏళ్లుంటాయేమో. ఇద్దరు ఆడపిల్లలు. సెంటు భూమి లేదు, మగదిక్కు లేదు. భర్త చేసిపెట్టిపోయిన ఆ దోనెలో తనే గెడ వేసుకుంటూ వెళ్లి చేపలు పట్టుకొచ్చేది. అది ఉంటే ఆ ముగ్గురికీ అన్నం ఉన్నట్టు. ఆవిడ పరుగెత్తుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"పంతులమ్మగారూ, దాన్ని ఎండలో ఎట్టొద్దని సెప్పండమ్మా. రోళ్లు పగిలే రోజులండి ఇవి, తాడి మాను ఆగుద్దా అండి? అదొక్కటేనండి నాకు."

ఏమంటోందని దొరగారు నన్ను అడిగాడు. ఒంటి నిండా బురద, మొహం నిండా ఆనందం. నా గురించి రాస్తానని ఆ పొద్దున్నే మాట ఇచ్చి ఉన్నాడు. నిజం చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదని చాలా ఏళ్లు అనుకున్నాను. ధైర్యం కాదు, నాకు చెప్పాలని లేదు.

"మీ మేలు మరిచిపోనంటోంది" అన్నాను.

ఆయన ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. ఎవరో ఫోటో తీశారు. ఆవిడ ఏడుస్తోంది కాబట్టి ఫోటో బాగా వచ్చే ఉంటుంది.

ఊరిపెద్ద జనాన్ని పక్కకు పిలిచి, "అంత దూరం నుంచి వచ్చినోళ్లండి, మనసు కష్టపెట్టకూడదండి. ఆళ్లెళ్లాక మళ్లీ ముంచేసుకుందాం" అన్నాడు. మా వైపు మర్యాద అలాంటిది. ఇల్లు తగలబెట్టడానికి వచ్చినవాడికి కూడా ముందు మంచినీళ్లు ఇస్తాం.

ఆరు దోనెలు ఒడ్డున బోర్లించి, గీకి, నీలం రంగు వేశారు. రంగు త్వరగా ఆరాలని నీడలోంచి ఎండలోకి జరిపారు. నాలుగో రోజు మధ్యాహ్నం ఆవిడ దోనె ఈ చివరి నుంచి ఆ చివరికి ఫట్‌మని విచ్చింది. పాకలో భోంచేస్తున్న మాకు ఆ చప్పుడు వినిపించింది. దొరగారు వచ్చి పగులులో వేలు పెట్టి చూసి, "సరైన సమయానికి వచ్చాం. ఇందులో వెళ్లి ఉంటే ఈవిడ మునిగి చచ్చిపోయేది" అన్నాడు. ఈ మాటను మాత్రం నేను పొల్లు పోకుండా తెలుగులో చెప్పాను. గచ్చుకు తెచ్చిన సిమెంటు మిగిలి ఉంది. దాన్ని పగులు నిండా కూరి, పైన మళ్లీ నీలం రంగు పూశారు. తాటి మానుకు సిమెంటు!

దండలు వేయించుకుని వెళ్లిపోయారు. మిగతా అయిదు దోనెలకూ బీటలు పడ్డాయి కానీ, నీళ్లలో ముంచాక అవి కాస్త కూడుకున్నాయట. ఆవిడది కూడుకోలేదు. ఏలూరు స్టేషన్లో రైలెక్కే ముందు దొరగారు నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. నేను వాళ్లకు పేదల గొంతునయ్యానని అందులో రాశాడు. జూన్‌లో నన్ను పర్మినెంటు చేశారు.

శ్రావణంలో కొల్లేరు నిండింది. చేపలకు మంచి అదును. ఆ రోజుల్లోనే ఒక పొద్దున ఏలూరులో నేను బడికి వెళుతుంటే, కొత్తగా కడుతున్న ఇంటి దగ్గర ఆవిడ ఇటుకలు మోస్తూ కనిపించింది. నేను తల తిప్పుకోబోయేలోగా ఆవిడే పలకరించింది. సిమెంటు మొదటి రోజే ఊడిపోయిందని, కూతుళ్లిద్దరినీ ఆకివీడులో ఎవరింట్లోనో పనికి పెట్టానని చెప్పింది. గొంతులో నిష్ఠూరమేమీ లేదు.

"ఆ రోజు నేను సెప్పింది ఆయనకి సెప్పారా అండి?" అంది.

"చెప్పాను. వినలేదు" అన్నాను.

"అదేనండి, ఊళ్లోవాళ్లతో నేనూ అదే అన్నాను. పంతులమ్మగారు సెప్పకుండా ఉంటారా అని. ఆళ్లు ఇనకపోతే మీరేం సేస్తారండి, పాపం."

ఇటుకలు తలకెత్తుకుని నిచ్చెన ఎక్కింది. అవి దించి మళ్లీ కిందికి రావడానికి ఎంతసేపు పడుతుంది? అంతవరకు నిలబడితే చాలు, నిజం చెప్పేయొచ్చు. బడికి ఆలస్యమవుతోందని నేను వెళ్లిపోయాను.