కందిగింజంత పేస్టు

నాకు అనుమానం ఎక్కువ. తేనె కొంటే నీళ్లలో వేసి చూస్తాను. చింతపండు కొంటే గింజలున్నాయేమోనని పిసికి చూస్తాను. అరకు సంత వీధిలో జిరాక్స్ కొట్టు పెట్టి పద్నాలుగేళ్లయింది, ఈ సోంబరును మోసం చేసినవాడు ఇంతవరకు లేడని నా గొప్ప. అలాంటి నేను దెబోరా గురించి నాలుగు మాటలు రాయవలసి వచ్చింది.

దెబోరాది పాచిపెంట దగ్గర ఊరు. తండ్రి అహరోను ఆదివారాలు చర్చిలో వాక్యం చెప్పేవాడు, మిగతా రోజులు రేడియోలు బాగుచేసేవాడు. స్క్రూడ్రైవర్ పట్టడం ఆయన దగ్గరే నేర్చుకుంది. తర్వాత విశాఖలో ఒక రిపేరు షాపులో, కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్లకు కనబడని లోపలి గదిలో ఆరేళ్లు పనిచేసింది. ఆ అలవాటుతోనేమో, మా వీధిలో సొంత కొట్టు పెట్టినప్పుడు కూడా బల్ల లోపలే వేసుకుని తెర కట్టింది. ఎందుకని అడిగితే, "నలుగురూ సూత్తంటే నాకు చెయ్యాడదు బాబాయ్," అంది. చూస్తే చెయ్యాడని పని ఏం పనో అనుకున్నాను.

మొన్న మే నెలలో నా కంప్యూటర్ పది నిమిషాలకోసారి ఆగిపోవడం మొదలుపెట్టింది. హాస్టల్ అప్లికేషన్ల రోజులు, గుమ్మంలో జనం. చేసేది లేక డబ్బా ఎత్తుకుని దెబోరా దగ్గరికి వెళ్లాను. తెర సందులోంచి మెడ సాచి చూస్తూ కూర్చున్నాను.

ముందు కిటికీ ఇనుప చువ్వ పట్టుకుని వదిలింది. ఒంట్లో కరెంటు పోవడానికట. నాకేమో ఏదో తంతులా కనబడింది. డబ్బా విప్పి, లోపలి ఫ్యాను తీసి, "ప్రాసెసర్ మీద పేస్టు ఎండిపోయింది బాబాయ్. వేడి ఫ్యానుకి ఎక్కట్లేదు, అందికే ఆగిపోతంది," అంది. పాతదంతా స్పిరిట్టుతో తుడిచింది. సూది మందు గొట్టంలాంటి దాంట్లోంచి బూడిదరంగు పేస్టు ఒక్క చుక్క, సరిగ్గా కందిగింజంత, నడిమధ్యన పెట్టింది. పైన ఫ్యాను పెట్టి స్క్రూలు బిగించింది. గొట్టం సొరుగులోకి వెళ్లిపోయింది.

"అంతేనా?" అన్నాను.

"అంతే. ఎక్కువైతే తిప్పలే."

కంప్యూటర్ బాగానే నడిచింది. కానీ నాకు నిద్ర పట్టలేదు. గొట్టం నిండా పేస్టు పెట్టుకుని కందిగింజంతా పెట్టేది? మూడోనాడు కొట్టు మూసి, నేనే డబ్బా విప్పి ఫ్యాను పీకాను. చుక్క లేదు! దాని జాగాలో పలుచగా, నేల మీద పాలు ఒలికితే తుడిచేసినట్టు ఒక పొర. పెట్టినట్టు పెట్టి, నేను అటు తిరగ్గానే తుడిచేసిందన్నమాట. దొంగను పట్టినంత సంతోషం కలిగింది నాకు.

మర్నాడు శుక్రవారం, సంత. కాఫీ రైతు బుధు దగ్గర, కూరగాయల తవిటమ్మ దగ్గర, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాను: "తెర ఎనక ఏటి జరుగుతందో సూసుకోండి." మధ్యాహ్నానికి హాస్టల్ వాళ్లు దెబోరాకు రిపేరుకిచ్చిన తమ మూడు కంప్యూటర్లూ తిరిగి పట్టుకుపోయారు.

నేను ఊరుకున్నానా? విశాఖ బస్సు డ్రైవర్ చేత పేస్టు గొట్టం తెప్పించాను. మా ఇళ్లలో పండగ ముందు గోడలకు ఎర్రమట్టి పూస్తాం. ఎంత దళసరిగా పూస్తే అంత గట్టి. చిన్నప్పట్నుంచి మా అమ్మ పక్కన నిలబడి నేర్చుకున్న పని. అలాగే గొట్టమంతా పిండి, వేలితో అలికి, ఫ్యాను బిగించాను. పేస్టు నాలుగు పక్కలా పొంగి కిందికి దిగింది. ఇక కంప్యూటర్ వెలగనేలేదు.

వారం ఆగి, కోపమంతా మూటగట్టుకుని దెబోరా దగ్గరికే వెళ్లాను. కొట్టు ఖాళీ. సామాన్లు అట్టపెట్టెల్లో సర్దుతోంది. వాళ్లమ్మ పాచిపెంట వచ్చేయమందట. నా డబ్బా విప్పి ఫ్యాను తీసి చూసింది.

"అలికేసినావేటి బాబాయ్?"

ఫొటో ఫ్రేముల అద్దం ముక్కలు రెండు తెచ్చింది. ఒకదాని మీద కందిగింజంత పేస్టు పెట్టి, నా చేతికి రెండోది ఇచ్చి, "నొక్కు," అంది. నొక్కాను. నా వేళ్ల కిందే ఆ చుక్క నాలుగు వైపులా పాకి, అద్దమంతా పలుచగా పరుచుకుంది. అచ్చం ఆరోజు నేను చూసిన పొర.

"ప్రాసెసర్‌కీ ఫ్యానుకీ మధ్య సన్న సందులుంటాయి. అవి నిండితే సాలు. మందంగా ఉంటే వేడికి అదే అడ్డం," అంది. ఆ తర్వాత పూటంతా కూర్చుని, దూదితో, సన్న బ్రష్షుతో నేను చేసిన పాడు శుభ్రం చేసింది. కంప్యూటర్ వెలిగింది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"తప్పయిపోనాదమ్మా," అన్నాను.

"నాతో సెప్తే ఏటి లాభం? సంతలో అన్న మాట సంతలోనే తియ్యి."

తరవాతి శుక్రవారం అద్దాలు, గొట్టం పట్టుకుని సంత మధ్యలో నిలబడ్డాను. తప్పు నాదేనని గట్టిగా చెప్పాను. చుక్క పెట్టి, నొక్కి చూపించాను. బుధు అద్దం కేసి కాదు, నా మొహంకేసి చూశాడు.

"సోంబరన్నా, ఆ గుంట నీకేటైనా మందెట్టిందేటి?"

జనం నవ్వారు. అతని జాగాలో నేనుంటే అదే అడిగేవాణ్ని. వెళ్లి జరిగింది దెబోరాకు చెప్పాను. ఆమె వెంటనే సర్దిన పెట్టెలు విప్పి, తెర పీకేసి, బల్లను ఈడ్చుకొచ్చి వీధి గుమ్మంలో వేసింది.

ఇప్పుడు గిరాకీ మళ్లీ వచ్చింది. పాచిపెంట ప్రయాణం ఆగింది. శుక్రవారం వస్తే బల్ల చుట్టూ ఆరుగురు చేతులు కట్టుకుని నిలబడతారు, బుధు అందరికంటే ముందు. చుక్క పెట్టేముందు దెబోరా గొట్టం పైకెత్తి అందరికీ చూపిస్తుంది. నలుగురూ చూస్తుంటే చెయ్యాడదన్న పిల్ల. నేను నా కొట్టులోంచి చూడకుండా తల తిప్పుకుంటాను.