జడ అల్లితే మోగిన యంత్రం

డైరీలో తప్ప ఎవరికీ చెప్పని మాట ఇది. నిరుడు కాలేజీ వైవాలో జవాబులన్నీ తెలిసి కూడా భయంతో నోరు విప్పలేక తప్పాను. ఇంట్లో మాత్రం జ్వరమని చెప్పాను.

ఈ ఏడాది మా ఖరగ్‌పూర్‌లో పరిశోధన చేసే ఒక బెంగాలీ దీదీ, విద్యార్థుల భయం తగ్గించే యంత్రం మా కాలేజీకి తెచ్చింది. తలకు తీగలు అంటిస్తారు. మనసు కుదుటపడితే యంత్రం సన్నగా మోగుతుంది. అలా మోగించడం సాధన చేయాలి.

ఇంట్లో "బుర్రకు పరీక్ష" అన్నాను.

"అయితే సల్లగుండాలే" అంటూ అమ్మ గిన్నెడు కొబ్బరినూనె నా తలకు పట్టించి, తోడు వచ్చింది. తీగలన్నీ జారి నా ఒళ్లో పడ్డాయి.

"బాబా రే, ఎతో తేల్!" అంది దీదీ, ఇంత నూనేమిటన్నట్టు. వంతు కోసం కూర్చున్న విద్యార్థులంతా ఘొల్లున నవ్వారు.

కుళాయి దగ్గర సబ్బుతో తల రుద్దుకుని మళ్లీ కూర్చున్నాను. ఎంత ప్రయత్నించినా యంత్రం మోగలేదు. విసిగిపోయిన అమ్మ వెనక చేరి, తడి జుట్టు కొసలు అల్లసాగింది. యంత్రం మోగింది!

"ఏటే, దీనికి నా సెయ్యి తెలిసిపోనాదా?" అంది అమ్మ.

మొన్నటి వైవాలో అన్నిటికీ జవాబు చెప్పాను. సాధన వల్లనో, లోపలికి వెళ్లే ముందు అమ్మ తెప్పించిన నవ్వు వల్లనో తేల్చుకోలేను. వైవా గది గుమ్మం దగ్గర అమ్మ నా చెవిలో అంది:

"దువ్వెన తెచ్చినాను. నిరుటిలాగ నోరు పెగల్లేదంటే కేకెయ్యి, ఒచ్చి జడేస్తాను."