ఇంజన్ సెట్ అయ్యేదాకా

ఖతర్‌లో నేను నడిపింది రేసు కారు. ఈ మాట మా ఊళ్ళో చెబితే సగం మంది నమ్మరు. నమ్మినవాళ్ళు ఎంత స్పీడులో పోయేవాడివని అడుగుతారు. అరవై అంటాను. పడీ పడీ నవ్వుతారు. నవ్వుకోనీ, నా నడుం నొప్పి వాళ్ళకేం తెలుసు?

తొంభైల మొదట్లో దోహాకి వెళ్ళాను, అల్ ముంతజాలో ఒక ఖతరీ కుటుంబానికి హౌస్ డ్రైవర్‌గా. ఇంటి పెద్దను అందరిలాగే నేనూ బాబా అనేవాణ్ణి. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి రేసుల పిచ్చి. ఆడవాళ్ళను, బడి పిల్లలను తిప్పడానికి ఆ ఇంట్లో అప్పటికే ఒక మలయాళీ డ్రైవరున్నాడు. రాయచోటిలో ట్యాక్సీ తోలుకునే నన్ను తెచ్చుకున్నది రేసు కారు కోసమని అక్కడికి వెళ్ళాక తెలిసింది. తెలిసిన కొత్తలో మీసం మెలేసుకుని తిరిగాను కూడా.

చలికాలం శుక్రవారాలు పోటీలు జరిగేవి. ఎడారిలో గ్రేడర్‌తో చదును చేసిన గుండ్రటి మట్టి బాట, అంతే. మిగతా పోటీదారుల వెనక షోరూములుండేవి, కార్లను మోసుకొచ్చే లారీలుండేవి, ఒకే రంగు బట్టలు తొడుక్కున్న మెకానిక్కులుండేవాళ్ళు. మావాడికి, అదే బాబా పెద్దకొడుక్కి, ఇల్లే కంపెనీ. అందరూ కొనుక్కునే మామూలు కారే కొని, వెనక సీట్లు పీకించి, లోపల ఇనుప గొట్టాలతో పంజరం వెల్డింగ్ చేయించాడు. ఒక తమ్ముడు టైర్లు మార్చేవాడు, ఇంకొకడు పెట్రోలు పోసేవాడు. బాబా మడత కుర్చీలో కూర్చుని వాచీ చూసేవాడు. వాళ్ళమ్మ పెద్ద గిన్నె నిండా అన్నం, మాంసం వండి పంపేది గానీ తను ఎప్పుడూ రాలేదు. కొడుకు తలకిందులవడం నా కళ్ళతో చూడలేను అనేదట.

నిజం చెప్పాలంటే మావాడు బాగా నడిపేవాడు. వచ్చిన చిక్కల్లా తగ్గడం తెలియకపోవడమే. ముందు ఒక బండి కనిపిస్తే చాలు, ఒళ్ళు తెలియకుండా తొక్కేవాడు. సగం రేసయ్యేసరికి బానెట్ కింద నుంచి పొగ. ఇక ఇంజన్ దించాలి, బోరు చేయించాలి, రింగులు మార్చాలి. కొత్తగా బోరు చేసిన ఇంజన్‌ని వెంటనే తొక్కకూడదు. వెయ్యి కిలోమీటర్ల దాకా మెల్లగా, వేగం కాస్త పెంచుతూ తగ్గిస్తూ నడిపితేనే సెట్ అవుతుంది. అంత ఓపిక ఆయనకు లేదు. ఆ ఓపిక కోసం జీతమిచ్చి పెట్టుకున్న మనిషిని నేను.

పొద్దున్నే బయలుదేరి ఉత్తరాన అల్ రువైస్ దాకా పోవడం, అక్కడ సముద్రం పక్కన ఇంజన్ చల్లారనిచ్చి తిరిగి రావడం, ఇదీ నా డ్యూటీ. బరువు తగ్గాలని ఏసీ పీకేశారు. ఉన్న ఒక్క సీటూ ఆయన ఒంటికి కుట్టించింది, నా నడుముకి ఎక్కడా ఆనేది కాదు. సైలెన్సర్ లేని మోత. పక్కలకు పెద్ద పెద్ద నంబర్లు రాసిన కారు అరవైలో పోతుంటే ఎవడూరుకుంటాడు? వెనక నుంచి లైట్లు కొట్టేవాళ్ళు, హారన్లు మోగించేవాళ్ళు, దాటిపోతూ పిల్లలు నాలుక బయటపెట్టి వెక్కిరించేవాళ్ళు. రువైస్‌లో చేపలవాళ్ళు నన్ను చూడగానే, "రేసు కారు వచ్చింది, భోజనాలకు లేవండి" అని హిందీలో కేకలేసేవాళ్ళు. మొదట్లో నేనూ నవ్వేవాణ్ణి. తర్వాత్తర్వాత ఒళ్ళు మండేది. ఇంకొన్నాళ్ళకు మండడానికి కూడా ఓపిక లేకపోయింది.

ఇంజన్ పని చేసే గ్యారేజీలో జగిత్యాల వైపు మెకానిక్ ఒకడుండేవాడు.

"అన్నా, నువ్వు ఇంజన్‌ను పసిపోరని లెక్క సాదుతవ్. ఆయన గంటల ఖతం జేస్తడు. మల్ల నా కాడికే తెస్తరు. మన బతుకు గింతే" అనేవాడు.

"నోరు మూసుకోని రింగులెయ్యప్పా, నా నడుం ఇరిగిపోతాంది" అనేవాణ్ణి.

ఇట్లా ఏళ్ళు గడిచాయి. గెలవడం దేవుడెరుగు, మావాడు ఒక్క రేసు కూడా చివరిదాకా నడపలేదు. చివరికి బాబాకే విసుగొచ్చింది. ఒకరోజు మజ్లిస్‌లో, మగవాళ్ళంతా కూర్చునే ముందు హాల్లో, అందరి ముందూ కొడుకుతో తేల్చి చెప్పేశాడు.

"ఈ చలికాలం ఒక్క రేసు పూర్తిచెయ్యి. చేస్తే నీ ఇష్టం, ముసలాడివయ్యేదాకా ఆడుకో. చెయ్యలేదా, ఖలాస్. కారు పోతుంది."

నేను అక్కడే టీ కప్పులు అందిస్తున్నాను. కారు పోతే ఆ ఇంటికి ఇద్దరు డ్రైవర్లెందుకు? ఊళ్ళో నా పిల్లల చదువులు ఆ కారు మీదే నడుస్తున్నాయి. దాన్ని చూస్తేనే నాకు రోత. అది పోతుందంటే మాత్రం రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు.

ఆ చలికాలం కూడా ఎప్పటిలాగే పొగలతోనే గడిచింది. ఇక ఆఖరి రేసు మిగిలింది. దానికోసం బోరు చేయించిన ఇంజన్‌ని నేను ఎన్నడూ లేనంత జాగ్రత్తగా సెట్ చేశాను. రువైస్ రోడ్డు మీద దానితో మాట్లాడుకుంటూ పోయేవాణ్ణి, నా కొంప ముంచొద్దు తల్లీ అని.

రేసు మొదలైంది. మొదటి చుట్టులోనే ఇద్దరు మావాణ్ణి దాటిపోయారు. ఆయన వెంటపడలేదు. ఇంకొకడు దాటాడు. అయినా తొక్కలేదు. తమ్ముళ్ళు మొహాలు చూసుకున్నారు.

"ఏమైందన్నా గీయనకు? జరమొచ్చిందా?" అన్నాడు రేసు చూడ్డానికి వచ్చి నా పక్కన నిలబడ్డ మెకానిక్.

నేను చప్పుడు వింటున్నాను. వేడెక్కకముందే గేరు మారుస్తున్నాడు, మలుపుకి ముందే కాలు తీసేస్తున్నాడు. ఆ నడక నాది. చుట్టూ వాళ్ళంతా కేకలు వేస్తుంటే నాకు లోపల ఎక్కడో దిగులు పట్టుకుంది.

చివరి నుంచి రెండోవాడుగా వచ్చాడు. పొగ లేదు, ఇంజన్‌కేమీ కాలేదు. బాబా కుర్చీలోంచి లేచి ఎదురెళ్ళి కొడుకు తల మీద ముద్దు పెట్టుకున్నాడు. తమ్ముళ్ళు ఎగిరి గంతులేశారు. నా ఉద్యోగం నిలిచిందని నేనూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. హెల్మెట్ తీసిన మావాడి మొహంలో మాత్రం నెత్తురుచుక్క లేదు.

తిరిగి వచ్చేటప్పుడు తాళాలు నాకే ఇచ్చి, తను పక్కన ఇనుప గొట్టాల మధ్య కింద చతికిలబడ్డాడు. మా ఇద్దరి మధ్యా నడిచేది సగం హిందీ, సగం అరబీ.

"ఈ కారు అమ్మేస్తున్నాను" అన్నాడు.

"బాబా ఒప్పుకున్నాడు కదా సాబ్? మీ ఇష్టమన్నాడు కదా?" నా గొంతు నాకే ఏడుపులా వినిపించింది.

"పూర్తి చెయ్యాలంటే ఇట్లా నడపాలని ఇవాళే తెలిసింది. ఇట్లా అయితే నాకొద్దు."

ఇంకేముంది, నా పని కూడా అయిపోయినట్టే. ఇంటివాళ్ళకు ఏమని రాయాలో ఆలోచిస్తూ నడుపుతున్నాను. ఆయనే మళ్ళీ అందుకున్నాడు.

"ఇవాళ నేను నీలా నడిపాను. ఒక్క గంటే. కాలు తొక్కమంటుంది, తొక్కకూడదు. ప్రతివాడూ దాటి పోతుంటే చూస్తూ ఉండాలి. ఒళ్ళంతా పచ్చిపుండైంది. నువ్వు ఇన్నేళ్ళు రోజూ ఎట్లా చేశావు?"

వచ్చిననాటి నుంచి నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. మా ఆవిడ కూడా ఎప్పుడొస్తావనే గానీ ఎట్లా ఉన్నావని రాయలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రోడ్డు కనబడక అరచేత్తో తుడుచుకున్నాను.

"అలవాటైపోయింది సాబ్" అన్నాను.

నిజమే అనుకుని ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకుని కళ్ళు మూసుకున్నాడు. నాకు ఒక్కరోజు కూడా అలవాటు కాలేదు.