దిష్టి ముద్ద

హార్మోన్ల మీద పాఠం చెప్పినందుకు శ్రీకాకుళంలో ఒక కాలేజీవారు నాకు జీతం ఇస్తారు. ఆ పాఠం నరసన్నపేటలో, మా చెల్లి ఉండే వీధిలో, ఎందుకూ పనికిరాలేదు.

చెల్లి కూతురికి అయిదేళ్లు. ఎంత తిన్నా ఆకలి తీరదు. ఒళ్లు విపరీతంగా పెరిగిపోయింది, గుమ్మం దాటితే ఆయాసం. తల్లే మేపేసిందని అందరూ తీర్పు చెప్పేశారు. విశాఖపట్నంలో పరీక్షలు చేయించాక అసలు సంగతి తెలిసింది. ఒంట్లో కొవ్వు సరిపడా ఉంటే, లెప్టిన్ అనే హార్మోను వెళ్లి మెదడుకి 'ఇక చాలు' అని చెప్పాలి. ఆ మాట అందుకునే గ్రాహకం మా పిల్లకి పుట్టుకతోనే పనిచేయదు. ఒంటినిండా కొవ్వున్నా, మెదడు మాత్రం కరువులో ఉన్నాననుకుంటుంది. మందు ఎక్కడో ఉందట, మా దాకా రాలేదు. కొలిచి పెట్టండి, ఇలాగే పెరిగితే ఊపిరికే ప్రమాదం అన్నారు డాక్టరు.

చెల్లి వంటగదికి తాళం వేసి, తాళంచెవిని పసుపుతాడుకి కట్టుకుంది. వీధికి తాళం వేయడం కుదరలేదు. ఎవరింట్లో కంచం చప్పుడైనా పిల్ల వెళ్లి గుమ్మంలో నిలబడుతుంది. ఆశగా చూసే పిల్లకి పెట్టకుండా తింటే దిష్టి తగిలి కడుపునొప్పి వస్తుందని అందరికీ భయం. తలో ముద్దా పెడతారు. అన్నీ కలిపితే ఇంకో భోజనం.

ఇంటింటికీ వెళ్లి గ్రాహకం గురించి వివరించాను. మా విద్యార్థుల కంటే శ్రద్ధగా విన్నారు. ఎదురింటి పెద్దమ్మకి మాత్రం ఒక సందేహం మిగిలింది.

"అదంతా నిజిమే బాబూ. రేపు నాకు కడుపునొప్పొస్తే నీ గ్రాహకం వచ్చి దిష్టి తీస్తాదేటి?"

"పోనీ, తలుపేసుకుని తిను పెద్దమ్మా."

"ఆకలితో వచ్చిన పిల్ల మొకం మీద తలుపెయ్యమంతావా? ఒరే, ఏటి సదివినావురా నువ్వు!"

బాబు నుంచి ఒరేకి దిగి, ఇంటికి వచ్చేశాను.

తర్వాతి ఆదివారం మళ్లీ వెళ్లాను. పిల్ల నిద్రపోయిందనుకుని చెల్లి నాకు అన్నం వడ్డించింది. కంచం చప్పుడుకి పిల్ల లేచి వచ్చేసింది. వచ్చి, గోడవైపు తిరిగి, రెండు చేతులతో కళ్లు మూసుకుంది.

"ఏటే అది?" అన్నాను.

"నాను సూస్తే కడుపునొప్పొస్తాదట. ఎదురింటి అమ్మమ్మ సెప్పింది. నాను సూడను మావా, నువ్వు తినీ."

చెల్లి వెళ్లి వంటగదికి మళ్లీ తాళం వేసింది. నేను అన్నం కలుపుతూనే ఉన్నాను.

"ఏటి కూర?" కళ్లు తెరవకుండానే అడిగింది పిల్ల.

"వంకాయ."

"బాగున్నాదా?"

"బాగోలేదమ్మా."

"అయితే నాకెట్టీ మావా."