బల్ల దగ్గరికి బిళ్ళ

ఇప్పుడంటే ఏ సంఘానికి వెళ్ళినా "రండి సిస్టర్" అని ముందు వరసలో కుర్చీ వేస్తున్నారు గానీ, నేను చదువుకోవడానికి అడిలైడ్ వచ్చిన రోజుల్లో ప్రభువు బల్లలో (నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారంలో) చోటు దొరకడం కంటే ఆస్ట్రేలియా వీసా దొరకడమే తేలిక. ఆ ఊరి శివారు మాసన్ లేక్స్‌లో అక్కా బావల ఇంట్లో ఉండేదాన్ని. ఆదివారం సాయంత్రాలు ఒక స్కూలు హాల్లో జరిగే తెలుగు ఆరాధనకు వెళ్ళేవాళ్ళం. అక్కడ ఒక నియమం: ఇండియాలో సొంతూరి పాస్టరుగారి దగ్గర్నుంచి, ఫలానా మనిషి మా సంఘ సభ్యులేనని ఉత్తరం తెస్తేనే రొట్టె. అక్కకు ఎప్పుడో వచ్చింది. నాకు రాలేదు. నేను విమానం ఎక్కగానే తెనాలి దగ్గర మా సంఘం రెండుగా చీలి, నా ఉత్తరం ఎవరు రాయాలో తేలక ఇద్దరు పాస్టర్లూ రాయడం మానేశారు. (చీలికకు కారణం సిద్ధాంతం కాదు, మైకు సెట్టు.)

లంగా ఓణీల నాటికే వాక్యాలు కంఠత పెట్టి సండే స్కూలు బహుమతులన్నీ పట్టుకుపోయినదాన్ని, బాప్తిస్మం పొందినదాన్ని! ప్రతి నెలా పళ్ళెం నా దాకా రాగానే, మేం గేటు అంకుల్ అని పిలుచుకునే సంఘపెద్ద దాన్ని నా తల మీదుగా ఎత్తి పక్కావిడకు అందించేవాడు. విమానంలో భోజనానికి డబ్బు కట్టనివాళ్ళను దాటేసి ట్రాలీ తోసుకుపోయినట్టు! పైగా వంగి, గుసగుసగా, "లెటర్ వచ్చిందామ్మా?" "రాలేదంకుల్." "ప్రేయర్ చెయ్యి, వస్తుంది." చేసేదాన్ని. ఆ ప్రార్థనలో అంకుల్ గురించి నేను విన్నవించుకున్న మాటలు ఇక్కడ రాయడం బాగుండదు.

అలా ఉండగా బావ మెటల్ డిటెక్టర్ కొన్నాడు. ఈ దేశం నేల నిండా బంగారమే ఉందని, అది తన కోసమే ఆగి ఉందని ఆయన విశ్వాసం. ఊరి బయట ఆయన ఆఫీసు స్నేహితుడి పొలం ఉంటే, అడిగి వెళ్ళాం. ఒకప్పుడు చిన్న రాతి చర్చి ఉన్న చోట ఇప్పుడు గొర్రెలు మేస్తున్నాయి. డిటెక్టర్ కుయ్యిమంది. నేను తవ్వాను. బొటనవేలి గోరంత బిళ్ళ, కోలగా, సీసం రంగులో ఉంది. ఒక పక్క అరిగిపోయింది. రెండో పక్క మూడు ఇంగ్లిషు అక్షరాలు, కొన్ని అంకెలు.

"గొర్రె చెవి బిళ్ళ, మరదలా. పారెయ్."

"బావా, ఇది కొరింథీ పత్రిక అధ్యాయం, వచనం."

"గొర్రెలకు బైబిల్ స్టడీ పెట్టారంటావా?"

నాకు ఒళ్ళు మండింది. ఆ వచనం నాకు నోటికి వచ్చు. బల్ల దగ్గరికి వచ్చే ముందు ఎవరికి వారు తమను పరీక్షించుకోవాలని దాని అర్థం. పరుగున వెళ్ళి పొలం ఇంటి ముసలావిడకు చూపించాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని నవ్వింది. పూర్వం ఆ చర్చి పెద్దలు ఇంటింటికీ వచ్చి విచారణ చేసి, యోగ్యులనుకున్నవాళ్ళకు ఈ బిళ్ళ ఇచ్చేవారట. బల్ల రోజున ఇది చేతికిస్తేనే రొట్టె. "ఉంచుకో డియర్, గొర్రెలకు దీనితో పని లేదు" అంది. నా కోపం రెట్టింపయింది. అంటే గేటు అంకుళ్ళు ఇక్కడ మాకంటే ముందే దిగారన్నమాట!

తర్వాతి బల్ల ఆదివారం పళ్ళెం నా మీదుగా లేవబోతుండగా, ఆ బిళ్ళను అంకుల్ చేతిలో పెట్టాను.

"ఏంటిది, డాగ్ ట్యాగా?"

"బల్లకు పాస్ అంకుల్. ఈ ఊరిదే." సంగతంతా చెప్పాను.

ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎక్స్‌పైర్ అయిపోయిందమ్మా. పైగా వేరే డినామినేషన్ చర్చిది."

హాలంతా నవ్వు. మా బావదే పెద్ద నవ్వు. నేను లేచి నిలబడ్డాను. "దాని మీదున్న వాక్యం తీసి చదవండంకుల్. ఎవరికి వారు పరీక్షించుకోమంది. మీరు నన్ను పరీక్షించాలని ఎక్కడుంది? ఆ బల్ల మీ సొత్తా, ప్రభువుదా?"

నవ్వులు ఆగిపోయాయి. పాస్టరుగారు వేదిక మీద నుంచి మెల్లగా అన్నారు: "అమ్మాయి చెప్పింది కరెక్టే. పళ్ళెం దించండి అంకుల్."

దిగింది. సరిగ్గా నా ముఖం ముందుకు. చెయ్యి చాపాను, చెయ్యి ఆగిపోయింది. నన్ను నేను పరీక్షించుకోవాలి కదా! లోపల చూస్తే గేటు అంకులూ, బావా, ఇద్దరు పాస్టర్లూ, మైకు సెట్టూ కుతకుత ఉడుకుతున్నారు. పళ్ళెం పక్కావిడకు జరిపేశాను.

"ఇప్పుడేమైందమ్మా?" అంకుల్ బిత్తరపోయాడు.

"కోపంగా ఉన్నానంకుల్."

"ఎవరి మీద?"

"మీ మీదే."

"సరే, నెక్స్ట్ మంత్‌కి తగ్గించుకో" అన్నాడు.

తగ్గడానికి అంతకంటే ఎక్కువే పట్టింది. ఆయన చేసింది తప్పేనని ఇప్పటికీ ఎవరితోనైనా వాదిస్తాను. కానీ అంత పోట్లాడి గెలిచి, గెలిచిన రొట్టెను ముట్టుకోని ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త బెంగగానూ ఉంటుంది. ఈమధ్య నాకు ఎవరి మీద ఎంత కోపం ఉన్నా, పళ్ళెం రాగానే చెయ్యి దానంతట అదే ముందుకు పోతోంది.