నన్నడగకుండా చెప్పిన సాక్ష్యం

ఖమ్మంలో కౌన్సిలింగ్ గది మెట్లు దిగి రోడ్డు మీదికి రాగానే జామాయిల్ మొద్దుల లోడుతో ఒక లారీ పక్కనుంచి వెళ్ళింది. పచ్చి బెరడు వాసన తగలగానే నాకు మళ్ళీ కోపం వచ్చింది. అది మా ఊరు సారపాక వాసన. నా చిన్నతనమంతా దానిలోనే గడిచింది: కాగితం మిల్లు ముందు బారులు తీరిన వెదురు లారీలు, గాలి మళ్ళినప్పుడల్లా ఇళ్ళను కమ్మేసే ఉడికిన గుజ్జు కంపు, కాంట్రాక్టు పని ముగించుకొని వచ్చిన నాన్న చొక్కాకు అంటుకున్న పొట్టు.

ఎండాకాలంలో అడవి పల్లెల నుంచి ఆడవాళ్ళు గంపల్లో తునికిపళ్ళు తెచ్చేవారు. ఆ జిగురు తీపి కోసం బడి ఎగ్గొట్టిన రోజులున్నాయి. డిసెంబరు వస్తే వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితాలు అంటించి నక్షత్రాలు కట్టేవాళ్ళం. అమ్మ అరిసెలు నూనెలోంచి తీసి వత్తుతుంటే పొయ్యి దగ్గరే కూర్చొని విరిగిన ముక్కల కోసం కాచుకునేవాళ్ళం. క్రిస్మస్ పాటలకు ఇల్లిల్లూ తిరిగే గుంపులో అందరికంటే గట్టిగా పాడేది నేనే. ఇప్పుడు నన్నెరిగినవాళ్ళకు ఈ మాట చెబితే నవ్వుతారు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు గోదావరి పొంగి మా వీధిలోకి నీళ్ళొచ్చాయి. కొన్నాళ్ళు బడి గదుల్లో తలదాచుకున్నాం. నీళ్ళు తగ్గి ఇంటికి చేరాక నేను పక్క తడపడం మొదలుపెట్టాను. తెల్లారగానే అమ్మ ఒక్క మాట అనకుండా బొంత ఉతికి దొడ్లో ఆరేసేది. "ఎవలకు చెప్పకమ్మా" అని కొంగు పట్టుకొని బతిమాలాను.

"ఛీ, నేనెందుకు చెప్తనే" అంది. నమ్మాను.

ఆ ఆదివారమే, మా రేకుల చర్చిలో పాటలైపోయాక, పాస్టర్ అయ్యగారు ఎప్పటిలాగే "సాక్ష్యాలు, ప్రార్థన మనవులు ఉన్నోళ్ళు లేవండి" అన్నారు. మా దగ్గర బాధ అనేది సంఘం ముందు పెట్టాల్సిందే. దాచుకుంటే విశ్వాసం చాలదన్నట్టు. నడుం నొప్పి, తాగే మొగుడు, ఈనని గేదె, అన్నీ అక్కడికే వచ్చేవి. అమ్మ కొంగు తలమీద కప్పుకొని లేచింది.

"మా పెద్దపాప పక్కల పోస్తుందయ్యగారూ. గోదారిని చూసి జడుసుకున్నది. సంఘమంతా ప్రార్థన చెయ్యాలె."

నన్ను ముందుకు పిలిచారు. అయ్యగారి అరచెయ్యి నా నెత్తిమీద బరువుగా ఆనింది. అందరూ ఒకేసారి గొంతెత్తారు. ఆ హోరులో ప్రతి నోట్లోనూ నా తడి బొంతే ఉంది.

బయట చెప్పుల దగ్గర నా ఈడు సునీత కాచుకొని ఉంది. "ఏందే, ఇయ్యాల మీ ఇంట్ల గోదారి ఎంతకొచ్చింది?"

"మొదటి ప్రమాద హెచ్చరికంటనే!" అంది దాని చెల్లెలు. ఆడపిల్లలంతా విరగబడి నవ్వారు.

పెద్దవాళ్ళు ఇంకా ఘోరం. ప్రేమగా గడ్డం పట్టుకొని ప్రతి వారం "తగ్గిందా పాపా?" అని అడిగేవారు. ఎందుకు భయపడ్డావని మాత్రం ఒక్కరూ అడగలేదు. కొన్నాళ్ళకు తగ్గింది. అమ్మ లేచి దానికీ కృతజ్ఞత సాక్ష్యం చెప్పింది! నా పాట కూడా ఆగిపోయింది. ఆ డిసెంబరు నుంచి గుంపులో వెనక నిలబడి పెదాలు కదిపాను. దానికోసం ఎవరూ ప్రార్థన చెయ్యలేదు. డైరీ రాయడం అప్పుడే మొదలైంది, కాగితం లేచి నిలబడి ఎవరికీ చెప్పదు కనుక.

కౌన్సిలర్ మేడమ్ నన్ను కళ్ళు మూసుకొని ఆ తొమ్మిదేళ్ళ పిల్లను చూడమంటుంది. దగ్గరికి తీసుకొని ఏం చెబుతారని అడుగుతుంది. "నీ తప్పేం లేదు" అని చెప్పగలిగాను. "అమ్మ ప్రేమతోనే చేసింది" అని చెప్పబోయి కళ్ళు తెరిచేశాను. ప్రేమతో ఒంపిన వేన్నీళ్ళకు ఒళ్ళు కాలదా? అందరూ ఆ పిల్లనే అర్థం చేసుకోమంటారేం?

ఇప్పుడు సారపాకలో ఆ రేకుల చర్చి లేదు. స్లాబు వేశారు, పెద్ద స్పీకర్లు పెట్టారు. వెదురు లారీలు తగ్గిపోయాయి. నక్షత్రాలు దుకాణంలో ప్లాస్టిక్‌వి దొరుకుతున్నాయి. సాక్ష్యాలు మాత్రం నడుస్తున్నాయి.

మొన్న అమ్మ ఫోన్ చేసింది. కౌన్సిలింగ్ సంగతి ఆమెకు తెలుసు. "జర మంచిగైతున్నవ్ గద బిడ్డా. ఈ ఆదివారం సాక్ష్యం చెప్తనే."

"వద్దమ్మా."

"గట్లంటవేందే? దేవుని మహిమ కోసమే గద."

"నా సంగతి నాది. నన్నడగకుండ ఎక్కడ చెప్పొద్దు. చెప్పినవంటే ఇంక నీకేం చెప్ప."

"గింత కోపమున్నదాన్వి గప్పుడే ఎందుకు చెప్పకపోతివి?" అంది.

"చెప్పిన. తొమ్మిదేండ్ల పిల్ల చెప్తే నువ్వే ఇనలే."

అమ్మ ఏడవడం వినిపించింది. నేను ఓదార్చలేదు. ఆ పూట నేను ఓదార్చాల్సింది ఆమెను కాదు.